బెంగళూరు పక్కనున్న బన్నేరుఘట్ట అడవికి వాలంటీర్ గ్రూపు పెడతానన్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

ఆఫీసులో నలభై మంది రెడీగా ఉన్నారు మావయ్యా, వచ్చే నెల నుంచే బన్నేరుఘట్టలో మొదలుపెట్టేస్తాం అని మెసేజ్ పెట్టావు, చూసి చాలా సంతోషమేసింది. మొదలుపెట్టే ముందు ఒక్కటి గట్టిగా పట్టుకో, ఏ పని చెయ్యాలో అక్కడ రోజూ తిరిగే గార్డులూ వాచర్లూ చెప్పాలి, మీ వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టుకుని తేల్చేది కాదు.

ముందు ఫారెస్ట్ వాళ్ల రేంజ్ ఆఫీసుకి వెళ్లు. సఫారీ, జూ ఉన్న భాగం వేరు, దాన్ని జూ అథారిటీ చూసుకుంటుంది. 1974లో డిక్లేర్ చేసిన నేషనల్ పార్క్ ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ కింద ఉంటుంది. పర్మిషన్ లేకుండా లోపలికి అడుగుపెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు, మంచి పనికే వచ్చాం సార్ అన్నా వినరు.

నలభై మందినీ ఒకేసారి దింపకు. పది మంది చాలు, కానీ ఆ పది మందే ప్రతి నెలా రావాలి, కొత్త మొహాలు వచ్చినప్పుడల్లా వాచర్ పని మానుకుని మొదట్నుంచీ నేర్పించాల్సొస్తుంది పాపం.

అందరూ మొక్కలు నాటుదాం అంటారు చూడు, ఒప్పుకోకు. అక్కడి అసలు బాధ లాంటానా. ఎప్పుడో అందం కోసం బయటి దేశం నుంచి తెచ్చిన మొక్క, ఇప్పుడు అడవి కింద అంతా అల్లుకుపోయి జింకలూ ఏనుగులూ తినే గడ్డిని లేవనివ్వదు, ఎండాకాలం ఎండితే నిప్పుకి మేత అదే. కత్తితో పైపైన నరికి ఫోటో దిగితే వానకి మళ్లీ గుబురుగా చిగురేస్తుంది. మొదలు దగ్గర నేల లోపలికి కొట్టి, వేరు తెంపి, పొదని తలకిందులుగా పడెయ్యాలి, అదీ కాయలు పండకముందే, ఎందుకంటే పిట్టలు ఆ పళ్లు తిని గింజల్ని ఊరంతా చల్లేస్తాయి. తరువాతి ఏడాది అదే చోటికి వెళ్లి మొలకలు పీకాలి. ఈ రెండో ఏడాది పనికే ఎవరూ రారు, మీ గ్రూపు వస్తే చాలు, అంతకన్నా పెద్ద సాయం లేదు.

జనవరిలో ఫైర్ లైన్లు, అంటే నిప్పు దాటకుండా ఎండుగడ్డీ ఆకులూ తీసేసిన ఖాళీ బాటలు, గీసేటప్పుడు కూడా మనుషులు కావాలి, అడుగు. నిప్పు అంటుకున్నాక మాత్రం లోపలికి దూకొద్దు, అది ట్రైనింగ్ ఉన్నవాళ్ల పని, మీరు నీళ్లూ తిండీ అందించండి.

ఇంకోటి, అడవి అంచు ఊళ్లని మర్చిపోకు. రాగి చేను కంకి పాలు పోసుకునే టైంకి ఏనుగులు వస్తాయి, రైతులు రాత్రంతా మంచె మీదే. పంట పోయినవాళ్లకి సర్కారు పరిహారం ఉంది కానీ అప్లికేషన్, ఫోటోలు, పహణీ (పొలం రికార్డు) కాపీ అన్నీ జత చేసి పెట్టేసరికి విసిగిపోయి వదిలేస్తారు, మీ సాఫ్ట్‌వేర్ పిల్లలకి అది అరగంట పని. ఆనేకల్ వైపు ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు బాగానే ఉన్నారు, నీ మాట వాళ్లకి అర్థమవుతుంది. ఆ రైతుకి కోపం తగ్గితే ఏనుగుకి చేను చుట్టూ పెట్టే కరెంటు తీగ ముప్పు తగ్గుతుందిరా.

కాగితం పని అంటే గుర్తొచ్చింది, పార్క్ చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్, అంటే గనులూ కట్టడాల లాంటివాటి మీద ఆంక్షలుండే ప్రాంతం, 2016 డ్రాఫ్ట్‌లో దాదాపు 269 చదరపు కిలోమీటర్లు, 2020లో ఫైనల్ అయ్యేసరికి 169కి దిగింది. అలాంటి డ్రాఫ్ట్ వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పడానికి 60 రోజులు టైం ఇస్తారు, మీ గ్రూపులో ఒకరిద్దరు గెజెట్ చూస్తూ ఉండాలి, ఎండలో తిరగలేనివాళ్లకి ఇది అప్పజెప్పు.

చిరుత కనిపించినా ఏనుగు కనిపించినా లొకేషన్‌తో పోస్ట్ పెట్టకూడదని మొదటి రోజే అందరికీ చెప్పు.

రేంజ్ ఆఫీసుకిచ్చే లెటర్ కన్నడలో రాయించు, ఎంతమంది, ఏ నెలలు, ఎన్నాళ్లు అని స్పష్టంగా ఉండాలి. పంపే ముందు నాకొకసారి పెట్టు, చూసిస్తా.

మావయ్య