బల్లికి మేత ఎవరు వేయాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మావారు వనామి రొయ్యల చెరువులు సాగు చేస్తున్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి రెండేళ్లుగా లెపర్డ్ గెకో అనే చుక్కల బల్లిని పెంచుతున్నాడు. ఈసారి విశాఖపట్నం హాస్టల్‌కు వెళుతూ దాన్ని నాకు అప్పగించాడు. అది బతికున్న పురుగులనే తింటుంది. ఆ మీల్‌వార్మ్ పురుగుల డబ్బా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన కనబడేసరికి, కార్తీక మాసంలో ఇంట్లో ఈ హింస ఏమిటని మా అత్తగారు నాతో మాట్లాడడం మానేశారు. డబ్బా పారేసి, ట్యూబులైటు కింద రాలిన పురుగులు ఏరి వేస్తే, నాలుగు రోజులుగా బల్లి ముట్టడం లేదు. అబ్బాయి ఫోనులో నన్నే కోప్పడుతున్నాడు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను, ముందు బల్లి ఆకలి సంగతి చూద్దాం.

లైటు పురుగులు ఈ రోజు నుంచే మానేయండి. మన వైపు దీపాల చుట్టూ మూగేవాటిలో చాలా భాగం వరిచేల నుంచి వచ్చేవే కాబట్టి, వరికి పట్టే దోమపోటుకు మందు కొట్టిన చేలో తిరిగి వచ్చిన పురుగు ఏదో, కానిది ఏదో మీరు పోల్చుకోలేరు. కాలువ గట్ల మీద కనిపించే మిణుగురులైతే మరీ ప్రమాదం, వాటి ఒంట్లోని విషం బల్లి ప్రాణం తీయగలదు. పైగా ఈ బల్లి కదలికను చూసి వేటాడే జీవి, రాలి చచ్చిన పురుగు దానికి మేతగా తోచదు. నాలుగు రోజుల ఉపవాసానికి మీరు బెంగపడనవసరం లేదు. ఇది కొవ్వును తోకలో దాచుకుంటుంది. తోక మెడంత లావుగా ఉన్నంత వరకు, పెరిగిన బల్లి ఒకటి రెండు వారాలు తినకపోయినా తట్టుకుంటుంది. ఒళ్లంతా పాలిపోయి తెల్లగా కనిపిస్తుంటే కుబుసం విడవబోతోందని అర్థం. ఆ రోజుల్లో అది తినకపోవచ్చు, విడిచిన కుబుసాన్ని మాత్రం తానే తినేస్తుంది.

ఇక మీ అత్తగారి విషయం. పెరుగు గిన్నె పక్కన పురుగుల డబ్బా పెట్టడం తప్పే, ఆ మాట ఆవిడతో మీరే ముందుగా అనండి. మీల్‌వార్మ్‌లకు ఫ్రిజ్ అవసరం లేదు, చలిలో అవి పెంకు పురుగులుగా మారడం ఆలస్యమవుతుంది, అంతే. కొత్తగా తెప్పించినవాటిని వసారాలో ఒక ప్లాస్టిక్ డబ్బాలో గోధుమ పొట్టు పోసి, తడికి ఒక క్యారెట్ ముక్క వేసి ఉంచితే చాలు. అయితే మన డెల్టా తేమకు పొట్టు ఉండకట్టి బూజు పడుతుంది గనుక, కొద్దికొద్దిగా పోసి తరచు మార్చాలి. హింస అన్న అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఈ జీవికి అన్నం, కూరగాయలు అరగవు, పురుగులు మానిపిస్తే అది చనిపోతుంది, అది కూడా హింసే కదా. పెరిగిన బల్లికి రెండు మూడు రోజులకొకసారి మేత వేస్తే సరిపోతుంది కాబట్టి, సోమవారాలు, ఏకాదశి తప్పించి మిగతా రోజుల్లో పెట్టుకోవచ్చు. ఆవిడ నియమాన్ని గౌరవించినట్లూ ఉంటుంది, బల్లికి నష్టమూ లేదు. అన్నట్టు, మీద పడుతుందేమోనని ఆవిడకు బల్లిశాస్త్రం భయం కూడా ఉంటే, దీని వేళ్లకు గోడ పట్టుకునే మెత్తలు లేవనీ, పైకప్పు ఎక్కడం దీనికి చేతకాదనీ చెప్పండి.

ఇప్పుడు మీవారి సంగతి. చెరువులో మేత చల్లి, చెక్ ట్రే ఎత్తి, ఎంత మిగిలిందో చూసి మరుసటి పూట మేత తగ్గించే మనిషికి బల్లికి మేత వేసే ఈ పని కొత్తగా నేర్పవలసింది ఏముంది? చీకటి పడ్డాక నున్నటి అంచులున్న చిన్న గిన్నెలో ఆరేడు పురుగులు వేసి, పావుగంట తరువాత మిగిలినవి తీసేయాలి. కీచురాళ్లు వేసిన రోజున ఇది మరీ ముఖ్యం, వదిలేస్తే అవి నిద్రపోతున్న బల్లినే కొరుకుతాయి. పురుగు మందం బల్లి రెండు కళ్ల మధ్య ఎడానికి మించకూడదు. పురుగులను కాల్షియం పొడిలో దొర్లించి వేయాలి. ఎందుకని ఆయన అడగరు, మినరల్స్ తగ్గితే రొయ్య గుల్ల మెత్తబడడం చూసినవారే. దీనికైతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. విటమిన్ డి3 కలిసిన కాల్షియం పొడి ఎక్కువైనా చేటే కనుక, అది ఎన్నాళ్లకొకసారి వేస్తున్నాడో అబ్బాయిని అడిగి రాసుకోండి. తిన్నది అరగడానికి బల్లి ఉండే పెట్టెలో ఒక పక్క నేల 32 డిగ్రీల వరకు వెచ్చగా ఉండాలి, కాబట్టి ధనుర్మాసపు చలి రాకముందే ఆ హీటర్ పనిచేస్తోందో లేదో ఆయన చేత చూపించండి.

అబ్బాయి కోపానికి సంజాయిషీ చెప్పుకోకండి. ఈ బల్లి పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది, వాడి చదువు అయ్యాక ఉద్యోగం, పెళ్లి కూడా దీని ఆయుష్షులోనే వస్తాయి. పురుగులు, కాల్షియం పొడి ఖర్చు పెట్టుకుని పంపించడం తన బాధ్యత అని, సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు తరువాతి ఏర్పాటు తానే చెప్పాలని స్పష్టంగా అనండి. రొయ్యల శాంపిల్ తూచే చిన్న త్రాసు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. పదిహేను రోజులకొకసారి బల్లిని ఒక గిన్నెలో ఉంచి తూచి, ఆ గ్రాముల లెక్కను మీవారి చేతనే అబ్బాయికి పంపించండి. వరుసగా రెండుసార్లు బరువు తగ్గి, తోక కూడా సన్నబడితే, అప్పుడు గన్నవరం పశువైద్య కళాశాలలో అడిగి చూడండి.