బొగ్గు గనుల ఓబీ గుట్టల (బొగ్గు పైనుంచి తవ్వి తీసి కుప్ప పోసిన రాయీ, మట్టీ) మీద మంచి మట్టి పోస్తే చెట్లు పెరుగుతాయా, ఎంత మందం పోయాలి?

పెరుగుతాయి. కానీ మందం కంటే ముందు చూడాల్సింది ఆ మట్టి కింద ఏముందన్నది.

గోదావరి పక్క బొగ్గు ప్రాంతంలో ఒక ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గని డంపు, అంటే ఓబీ గుట్ట మీద మొక్కలు పెట్టే కాంట్రాక్టరు దగ్గర మూడేళ్లు సూపర్‌వైజర్‌గా చేశాను. గుంతకు మూడు తట్టల చెరువు మట్టి, ఒక తట్ట పెంట వేసి కానుగ, వేప, సిస్సూ పెట్టించాం. రెండేళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. మూడో ఏడు ఏప్రిల్‌లో ఒక బెంచ్ (గుట్టకు మెట్టులా చేసిన చదును) మీద వరసకు వరస ఎండిపోవడం మొదలైంది. నీళ్లు చాలట్లేదని ట్యాంకర్లు పెంచారు, అయినా అంతే. నాకు నమ్మకం కుదరక ఒక కానుగ చుట్టూ గడ్డపారలతో తవ్వించాను. కింద రాయీ, రాతిపొడీ డంపర్లు తిరిగి తిరిగి గచ్చులా అయిపోయి ఉంది. వేళ్లు గుంత అంచు దాకా వెళ్లి, దారి లేక లోపలే చుట్టలు చుట్టుకున్నాయి. పీకితే గుంత ఆకారంలోనే ఊడి వచ్చింది. మాతో పనిచేసే ఒక పెద్దమ్మ చూసి, "కుండీల పెట్టినం సారూ, భూమిల పెట్టలే" అంది. నాకు ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు, అన్ని వేల మొక్కలు అలాగే పెట్టించింది నేనే కదా.

అదే డంపు ఇంకో కొసన డోజర్ తిరగలేదు, ఓబీ కుప్పలు కుప్పలుగా వదులుగానే ఉండిపోయింది. దాని మీద కొత్తగా అడవి కొట్టిన చోటు నుంచి తీసిన పైమట్టి నేరుగా తెచ్చి పోశారు. అక్కడ మేం పెట్టినవి బతకడమే కాదు, పెట్టని తంగేడు, మోదుగు, రేగు కూడా లేచాయి. ఆ మట్టిలో విత్తనాలుంటాయి, వేళ్లకు సాయం చేసే బూజులుంటాయి. అదే పైమట్టిని ఎత్తుగా గుట్ట పోసి ఏళ్ల తరబడి ఉంచితే లోపల గాలి ఆడక అవన్నీ చచ్చిపోతాయి.

అమెరికాలో అపలాచియన్ బొగ్గు కొండల్లోనూ ఇదే కథ. గని తవ్విన నేలను మళ్లీ బాగుచేయాలన్న 1977 చట్టం తర్వాత నేల జారకూడదని గట్టిగా తొక్కి చదును చేస్తే గడ్డి వచ్చింది గానీ చెట్లు సరిగా రాలేదు. ఇప్పుడక్కడ చెట్లకు కనీసం 4 అడుగుల లోతు వదులుగా ఉండాలంటున్నారు.

ఇంకో బాధ చెప్పాలి. పొలాలకు పోవాల్సిన చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్ల కొద్దీ డంపుకు తోలడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పైగా లెక్క అంతా ఎన్ని పెట్టామన్నదే, మూడో ఏటికి ఎన్ని మిగిలాయని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

కాబట్టి డబ్బు కొంచెమే ఉంటే మట్టి కొనకండి, ముందు డోజర్‌కి రిప్పర్ (నేలను చీల్చే ఇనుప కొక్కెం) తగిలించి నేలను లోతుగా చీల్చండి. వాలు మీద మాత్రం మట్టి ఊరికే పరచొద్దు, అడ్డంగా గట్లు వేశాకే పోయండి, పోసిన వెంటనే గడ్డి విత్తనం చల్లండి. మేం పోసింది జులైలో ఒక్క పెద్ద వానకు మొత్తం వాగులోకి పోయింది.