దారి ముచ్చట్లు: జపాన్ రోడ్డు మీద ఆగే చోటు

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయికి జపాన్‌లో ఉద్యోగం. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. కారులో ఫుజి కొండ చుట్టూ తిప్పుతానంటున్నాడు. నాకు షుగరు, మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాలి. మా ఆయనేమో నీచు ముట్టరు. దారిలో ఎలాగా అని ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

చెల్లెమ్మా, ఆర్టీసీలో స్టీరింగ్ పట్టినన్నాళ్లూ గమనించాను. రాత్రి సర్వీసు ఎక్కే ఆడవాళ్లు సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేసేవారు. బస్సు ఎక్కడ ఆపుతామో, అక్కడ బాత్రూము ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు మరి. జపాన్‌లో మీరు ఆ పని చెయ్యకండి, హాయిగా నీళ్లు తాగండి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అల్లుడి పక్క సీట్లో కూర్చుని చూసొచ్చిందే రాస్తున్నాను.

అక్కడ రోడ్ల పక్కన ‘మిచి-నో-ఎకి’ అని, అంటే ‘రోడ్డు స్టేషన్లు’ ఉంటాయి. బండి ఆపుకుని సేదతీరే చోట్లన్నమాట. 1993లో 103 చోట్లతో మొదలై ఇప్పుడు 1,200 దాటాయి. కారు పెట్టుకోవడం ఉచితం. బాత్రూమూ ఉచితమే, 24 గంటలూ తెరిచే ఉంటుంది. ఏమీ కొనకుండా వెళ్లిపోయినా ఎవరూ మొహం చిట్లించరు. అయితే ఇవి ఎక్కువగా మామూలు రోడ్ల మీదే ఉంటాయి. టోల్ కట్టే ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉండేవి వేరే. కాబట్టి మ్యాప్‌లో టోల్ లేని దారి పెట్టమని అబ్బాయికి చెప్పండి.

బాత్రూములో సీటు వెచ్చగా తగిలితే ఉలిక్కిపడకండి, కరెంటుతో వేడి చేస్తారు. చాలాచోట్ల నీళ్లతో కడుక్కునే ఏర్పాటు బటన్ల మీద ఉంటుంది, మన అలవాటుకి ఇబ్బంది లేదు. ఎర్ర బటన్ కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. అది ఆపదలో మనుషుల్ని పిలవడానికి పెట్టింది.

ఫుజి చూడ్డానికైతే పడమటి వైపు 139వ నంబరు రోడ్డు మీద ‘అసగిరి కోగెన్’ అనే స్టేషన్ దగ్గర ఆగండి. పాడి పశువుల ప్రాంతం అది. మబ్బు లేకపోతే కారు దిగగానే 3,776 మీటర్ల కొండ కళ్లెదురుగా ఉంటుంది. వేసవిలో తరచూ మబ్బు కప్పేస్తుంది కాబట్టి పొద్దున్నే చేరుకోండి. కొండ కనిపించకపోతే అక్కడి పాలతో చేసిన ఐస్‌క్రీమ్ ఉంది. అది మీ అబ్బాయికి, మీకు కాదు!

ఇక బావగారి తిండి. ‘ఉడోన్’ అని గోధుమ నూడిల్స్ ఇస్తారు. పైన కూరగాయలే కనిపిస్తాయి గానీ, కింద చారు మామూలుగా ఎండుచేపతో కాచింది. కూరగాయలే కదా అని గిన్నె ముందుకు లాక్కోకుండా అడిగి తినమనండి. నన్నడిగితే పొద్దున్నే పులిహోర కలుపుకుని బయల్దేరడం మేలు. బయట బల్లలుంటే అక్కడ కూర్చుని తినొచ్చు. చెత్తడబ్బాలు చాలాచోట్ల ఉండవు, ఒక కవరు పెట్టుకుని మీ చెత్త మీరే ఇంటికి తెచ్చుకోవాలి. పులిహోరలోకి కదా అని ఇక్కణ్ణుంచి పచ్చి కరివేపాకు పెట్టెలో సర్దకండి, సర్టిఫికెట్ లేని పచ్చి ఆకుల్ని ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.

కొన్నిచోట్ల కాళ్లు పెట్టుకోవడానికి వేణ్నీళ్ల తొట్టి ఉంటుంది. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి కూర్చోండి. నేను పంచె మడిచి కూర్చుంటే మా అల్లుడు వద్దంటున్నా ఫొటోలు తీశాడు.

ప్రశ్న: మన లైసెన్సుతో అక్కడ కారు నడపొచ్చా? రాత్రి ఆ స్టేషన్లలోనే కారులో పడుకుంటే హోటల్ ఖర్చు తప్పుతుంది కదా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

మన ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుంటే నడపొచ్చు. మన లైసెన్సు, పాస్‌పోర్టు కూడా దగ్గరుండాలి. అక్కడా ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే. రైలు గేటు తెరిచే ఉన్నా, రైలు జాడ లేకపోయినా పట్టాల ముందు బండి పూర్తిగా ఆపాలి. మనవాళ్లు మరిచిపోయేది అదే. అలిసిపోయి ఓ కునుకు తీస్తే తప్పులేదు. బస చెయ్యడానికైతే అవి కావు, స్టవ్ వెలిగించి వండుకోవడం అసలు పనికిరాదు.

ప్రశ్న: మచ్చపడిన అరటి గెలని మార్కెట్లో ఎవరూ ముట్టరు. జపాన్‌లో రోడ్డు పక్కన రైతులే అమ్ముకుంటారని విన్నాను. నిజమేనా?
– ఒక రైతు, రావులపాలెం

నిజమే. రైతు పొద్దున్నే ఈ రోడ్డు స్టేషన్‌కే సరుకు తెచ్చి, పేరూ ధరా ఉన్న చీటీ అంటించి వెళ్తాడు. ధర అతనిష్టం. అమ్మినదాంట్లో స్టేషన్‌వాళ్లు కమీషన్ పట్టుకుంటారు. ఉచికో అనే ఊళ్లో ‘కరారి’ అని ఓ స్టేషన్ ఉంది, అక్కడ ఎంత అమ్ముడయిందో రైతుకి ఇంటికే కబురొస్తుంది. అయిపోతే మళ్లీ తెస్తాడు. మీ మచ్చగెలల మాటకొస్తే, చిబా ప్రాంతంలో ‘బివా క్లబ్’ అనే స్టేషన్ చూడాలి. అక్కడ పండేది లోక్వాట్ అనే పసుప్పచ్చ పండు. మార్కెట్‌కు పనికిరానివాటితో జామ్, ఐస్‌క్రీమ్ చేసి అమ్ముతారు.

మనకి సరుకు కొదవా? ఆత్రేయపురం పూతరేకులు, కడియం మొక్కలు, మీ చక్రకేళి ఉండనే ఉన్నాయి. లేనిది కారు ఆపుకునే నీడ, ఆడవాళ్లు వెళ్లగలిగే బాత్రూము. అవి ఉంటే జనం ఆగుతారు, ఆగినవాళ్లు కొంటారు. జపాన్‌వాళ్లు కొట్టుకి ముందు బాత్రూము గురించి ఆలోచించారు. మనం పూతరేకుల బోర్డు పెట్టేసి ఊరుకుంటాం. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా. అక్కడ సాయంత్రానికి మిగిలిన సరుకు ఎవరిది వాళ్లే వెనక్కి పట్టుకెళ్లాలి. ఆ రూలు మనవాళ్లకి నచ్చదు.