ఆ తలుపు నెమ్మదిగా తియ్యి తల్లీ

తల్లీ,

నీళ్లు కాచి ఇంటిని వెచ్చగా ఉంచే ఆ బయటి కట్టెల బాయిలర్‌ని ఈసారి నువ్వే ఆపి, శుభ్రం చేస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొత్త కట్టెలు వెయ్యడం ఆపెయ్యి, లోపలున్నవి పూర్తిగా కాలనివ్వు. నీళ్లు చల్లబడేదాకా వాటిని తిప్పే పంపు నడవనీ. తొందరపడి నిప్పుల మీద నీళ్లు గుమ్మరించావంటే ఆవిరి మొహం మీదకి కొడుతుంది, వేడి ఉక్కు ఒక్కసారిగా చల్లబడి వెల్డింగ్ అతుకులు పగిలినా పగులుతాయి.

ఇక తలుపు సంగతి. నీకప్పుడు ఆరేళ్లు. పని త్వరగా తెమిలిపోవాలని, కట్టెలు సగం కాలి ఉండగానే నేను మంటకి గాలి కొట్టే ఫ్యాన్ ఆపేసి, గాలి వెళ్లే దారికుండే రేకు తలుపు, అదే డాంపర్, మూసేశాను. మంట పడిపోయింది. ఆరిపోయిందనుకున్నా. ఆరలేదు తల్లీ, గాలి అందక కుములుతోంది. అలా కుమిలే కట్టెలోంచి వచ్చే పొగలో మండే వాయువులుంటాయి, అవన్నీ పొయ్యి నిండా పేరుకుని గాలి కోసం కాచుకుని ఉన్నాయి. నేనేమో గంట తర్వాత వచ్చి, గొళ్లెం తీసి, తలుపు ఒక్క ఊపున లాగాను. బుస్సుమని మంట బయటికి తన్నింది. కనుబొమ్మలు, మీసం మాడిపోయాయి, నైలాన్ జాకెట్ చెయ్యి కరిగి మణికట్టుకి అంటుకుంది. నా మణికట్టు మీది మచ్చ అదే. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ నొప్పి కాదు. వెనక్కి తిరిగితే రెండడుగుల దూరంలో నువ్వు, చేతిలో బూడిద తీసే పార. "పెదనాన్నా, ఏదో కాలిన వాసన" అన్నావు. నేను ఒక్క అడుగు పక్కకి నిలబడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

నీళ్లు సరిపడా వేడెక్కినప్పుడు ఫ్యాన్ దానంతటదే ఆగుతుంది చూడు, అప్పుడూ లోపల ఇదే పరిస్థితి. కాబట్టి ఎప్పుడు తలుపు తీసినా ముందు ఫ్యాన్ స్విచ్ కట్టెయ్యి, తలుపుకి ఎదురుగా కాకుండా పక్కన నిలబడు, వేలెడు సందు చేసి అర నిమిషం ఆగు, ఆ తర్వాతే మొత్తం తియ్యి. నూలు బట్టలు వేసుకో, జుట్టు ముడి పెట్టుకో. రాత్రి ఆఫీసు పని అయ్యాక ఒక్కదాన్నే చేసేస్తానన్నావట, బుద్ధుందా అసలు? పగలు చెయ్యి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. పొయ్యి పూర్తిగా చల్లారకుండా లోపలికి తల పెట్టావో, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, తెలిసేలోపే కళ్లు తిరుగుతాయి.

బూడిద పైన చల్లగా ఉందని నమ్మకు, అడుగున నిప్పు మూడు నాలుగు రోజులు కూడా బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి, కట్టెల మోపుకి, గోడలకి దూరంగా సిమెంటు నేల మీద పెట్టు. మూలల్లో కూడా గీకి తియ్యి, ఎందుకంటే మిగిలిన బూడిద తేమ పీల్చి, వాడని నెలల్లో ఉక్కుని తుప్పు పట్టించి తినేస్తుంది. గీకేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు మరిచిపోకు. అంతా అయ్యాక లోపలి గోడలకి పల్చగా నూనె రాసి, పొగగొట్టానికి వాన పడకుండా మూత పెట్టు. నీళ్లు మాత్రం ఖాళీ చెయ్యకు, తుప్పు పట్టకుండా కలిపే మందుతో నిండుగానే ఉండాలి.

సందుల్లోంచి గాలి చొరబడకుండా తలుపు అంచుకి బిగించిన తాడు కూడా చూడు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగు, సులువుగా జారి వచ్చేస్తే తాడు మార్చాలి.

తలుపు తీసే ముందు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి పక్కనుంచుకో. నేనేం మాట్లాడను. ఆ తలుపు నెమ్మదిగా తెరుచుకున్న చప్పుడు వింటాను, అంతే.

మీ పెదనాన్న