ఉపసర్పంచ్ ఏమయ్యాడు?

ప్రియమైన తమ్మీ,

నీ సర్పంచ్ నాటకం రెండో భాగం చదివాను. పాటలు మొదటిదానికంటే బాగున్నాయి. నవ్వు మాత్రం రాలేదు. ఎందుకో చెప్పాలంటే న్యూయార్క్ దాకా వెళ్లాలి, ఓపిక పట్టు.

1931 డిసెంబర్‌లో అక్కడ 'ఆఫ్ దీ ఐ సింగ్' అనే సంగీత నాటకం మొదలైంది. జార్జ్ గెర్ష్విన్ బాణీలు, అతని అన్న ఐరా పాటలు, కాఫ్‌మన్, రిస్కిండ్‌ల మాటలు. దేశం మాంద్యంలో మాడుతుంటే వింటర్‌గ్రీన్ అనే అభ్యర్థి 'ప్రేమ' ఒక్కటే ఎజెండాగా అధ్యక్ష ఎన్నికల్లో దిగుతాడు. అందాల పోటీలో గెలిచిన పిల్లను పెళ్లాడతానని మాటిచ్చి, మొక్కజొన్న మఫిన్లు బాగా చేసే మేరీని చేసుకుంటాడు. పోటీలో గెలిచిన ఆ పిల్లకు నెపోలియన్‌తో ఏదో దొంగచుట్టరికం ఉందని ఫ్రాన్స్ కస్సుమంటుంది. అభిశంసన దాకా వస్తుంది.

ముడి ఎలా విప్పారో చూడు. అధ్యక్షుడు తన బాధ్యత నెరవేర్చలేకపోతే ఉపాధ్యక్షుడు నెరవేర్చాలన్నది రాజ్యాంగంలో ఉన్నదే. కాబట్టి ఆ పిల్లను ఉపాధ్యక్షుడు కట్టుకోవాలి! ఆయన పేరు థ్రాటిల్‌బాటమ్. ఎవరికీ గుర్తుండడు, వైట్‌హౌస్‌లోకి కూడా టూరిస్టుల గుంపులో కలిసే వస్తాడు. ఆ నాటకం 441 ప్రదర్శనలు ఆడింది. 1932లో నాటక రచనకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది, ఒక మ్యూజికల్‌కు రావడం అదే మొదలు. (బాణీలు కట్టిన జార్జ్‌కు మాత్రం అందులో వాటా లేదు. మన కరపత్రాల్లో హార్మోనియం ఆయన పేరు ఎక్కడుంటుందో నీకు తెలుసుగా!)

1933 అక్టోబర్‌లో అదే బృందం, అవే పాత్రలతో దానికి రెండో భాగం, 'లెట్ ఎమ్ ఈట్ కేక్'. ఓడిపోయిన వింటర్‌గ్రీన్ నీలం చొక్కాల వ్యాపారం పెట్టి, అవే తొడిగిన జనంతో తిరుగుబాటు చేసి నియంత అవుతాడు. ఇటలీలో ముస్సోలినీ మనుషుల నల్లచొక్కాలు, జర్మనీలో హిట్లర్ మనుషుల గోధుమరంగు చొక్కాలు చూసి పుట్టిన కోపం, న్యాయమైనదే. అయినా 90 ప్రదర్శనలకే ఆగింది. నాకు తోచిన కారణం ఒకటి. మొదటి దాంట్లో ప్రతి నవ్వూ ఏదో ఒక రూలును పట్టుకుని పుట్టింది. రెండో దాంట్లో రూళ్లే పోయాయి. తలలు నరికే గిలటిన్ కూడా వచ్చాక ఇక దేనికి ఆశ్చర్యపోతాం?

నువ్వూ అదే చేశావు. మొదటి భాగంలో చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కోసం సర్పంచ్ పడే తిప్పలకు హాలంతా ఈలలు. ఇప్పుడు రెండో రంగంలోనే పంచాయతీ ఆఫీసు తగలబెట్టించావు. ఆఫీసు ఉండనీ, చెక్కుబుక్కు ఉండనీ.

ఆ రెండో నాటకం నుంచి తీసుకోదగ్గదీ ఒకటుంది. 'మైన్' పాటలో భార్యాభర్తలు ప్రేమ పాడుకుంటుంటే, అదే సమయంలో బృందం వేరే బాణీలో వాళ్ల గురించి ప్రేక్షకులకు చెబుతుంటుంది. నీ ఊరేగింపు పాటకు అది చేసి చూడు, విడిగా వ్యాఖ్యాత అక్కర్లేదు.

అన్నట్టు, ఉపసర్పంచ్ రెండో భాగంలో ఒక్కసారీ కనబడలేదు. ఏమయ్యాడు? అది రాసి పంపు.

మీ అన్న