నాన్నని వెతకడానికి 11 ఏళ్ల పిల్లాడా?

ప్రశ్న: మాది రాజాం. చీపురుపల్లి దగ్గరుండే మా అన్నయ్య ఆరేడేళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఏడేళ్ల మేనకోడలు మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టింది. 11 ఏళ్ల మేనల్లుడు మాత్రం బంగారం. రాత్రిపూట టార్చి పట్టుకెళ్లి నాన్నని వెతికి తెస్తాడు, చెల్లికి అన్నం పెడతాడు. అన్నయ్యకి తెలియకుండా కూరలో కలిపే పొడి తెప్పిద్దామనుకుంటున్నాం. పాపకి ఏ మందు వాడాలి?
– ఓ సోదరి

జవాబు: మీరు పాప గురించి అడిగారు గానీ, నాకు బాబు గురించే ఎక్కువ బెంగగా ఉందమ్మా. పక్క తడిస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. భయాన్ని లోపల దాచుకుని పెద్దమనిషిలా తిరిగే పిల్లాణ్ని మెచ్చుకుని వదిలేస్తాం. ఇలాంటి ఇంటి పిల్లాడొకడు, బండి స్టాండు వేసిన చప్పుడు బట్టి నాన్న ఎంత తాగాడో చెప్పేస్తానన్నాడు. పుస్తకం ముందు కూర్చున్నా చెవి వాకిట్లోనే!

ముందు ఆ టార్చి పెద్దవాళ్లెవరైనా తీసుకోండి. తాగినాయన బండి వెనక పిల్లలు ఎక్కకూడదు. గొడవైతే ఏ ఇంటికి వెళ్లాలో ఇద్దరికీ చెప్పి ఉంచండి, ఆ ఇంటివాళ్లకీ చెప్పండి. పరువు పోతుందని మీ వదిన మొహమాటపడొచ్చు. ఊరందరికీ తెలిసిన సంగతే కదా!

బాబుతో ఒక్కడున్నప్పుడు మాట్లాడండి. ‘నాన్నది జబ్బురా. నీ వల్ల రాలేదు, నువ్వు మాన్పించలేవు. అది పెద్దాళ్లూ డాక్టర్లూ చూసుకుంటారు’ అనండి. నాన్నని తిట్టకండి. వాడికి కోపమెంతో ప్రేమా అంతే. మరొకటి, చేయగలిగిందే మాటివ్వండి. సిరిమాను జాతరకి తీసుకెళ్తానని చెప్పి నాన్న తాగి పడుకుండిపోతే ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. నెలకోసారి వస్తానంటే నెలకోసారే వెళ్లండి, మానకండి.

పాపని తిట్టొద్దు. ఆరు నెలలకు పైగా మానేసి మళ్లీ మొదలైతే మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్, మలబద్ధకం ఉన్నాయేమో ముందు చూడాలి. అవేవీ లేకపోతే భయమే కారణం కావచ్చు. ఇంట్లో రాత్రులు కుదుటపడితే చాలాసార్లు అదే తగ్గుతుంది.

ఆ పొడి జోలికి వెళ్లకండి. అందులో ఏముందో తెలీదు. మద్యం పడకుండా చేసే మందే ఉంటే, తెలియక దానిమీద తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. విజయనగరం సర్వజన ఆసుపత్రిలోనో, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో చూపించండి. ఆయన రానంటే మీరూ వదినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల మీద చెయ్యి పడితే మాత్రం ఆలోచించకుండా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

ఆయన మానేదాకా పిల్లల సంగతి ఆపకండి. బాబుకి తరచూ తలనొప్పి, కడుపునొప్పి అంటున్నా, నిద్ర పట్టకపోయినా, ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట ఒక్కసారి అన్నా వెంటనే మానసిక వైద్యులకి చూపించండి.