షుగర్ ఉంటే బంగాళాదుంపను అన్నం లెక్కలో వేయండి

ప్రశ్న: నా వయసు 52. మూడేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.6. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) మామూలుగానే ఉంది. ఇంట్లో బంగాళాదుంప వండటమే మానేశారు. అది అంత చెడ్డదా?
- ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మానేయక్కర్లేదండీ. వంద గ్రాముల ఉడికిన దుంపలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు, అంతే బరువు అన్నంలో 28 గ్రాములు ఉంటాయి. చిక్కంతా కంచం నిండా అన్నం పెట్టుకుని, అందులో దుంపల వేపుడు కలుపుకోవడంతోనే వస్తోంది. 150 గ్రాముల దుంప తిన్న పూట వంద గ్రాముల అన్నం తగ్గించండి. పక్కన చిక్కుడో తోటకూరో, పప్పో ఉండాలి. పూరీ కూర, బీచ్ రోడ్డు బజ్జీ ఎప్పుడో ఒకసారికే పరిమితం.

తొక్కతోనే ఉడికించండి. వంద గ్రాములకు 380 మిల్లీగ్రాముల పొటాషియం, 13 మిల్లీగ్రాముల విటమిన్ సి దక్కుతాయి. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉడికిన నీళ్లు పారబోస్తే రెండూ తగ్గుతాయి. చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెడితే మధ్యరకం దుంపకు 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. మరిగే నీళ్లలో వేస్తే పైన చిదిగిపోయి లోపల పచ్చిగా మిగులుతుంది. ఉడికాక చల్లార్చితే కొంత పిండి త్వరగా అరగని రూపంలోకి మారుతుంది, షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. అలాగని రెట్టింపు తినకూడదు. వేపుడుకి ఈ చల్లారిన ముక్కలే మేలు, రెండు చెంచాల నూనె చాలు. పులుసులో మాత్రం ముక్క ఉడికాకే చింతపండు రసం పోయాలి. ముందే పోస్తే పులుపు వల్ల ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు.

దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, పిండి తీపిగా మారి వేపుడు త్వరగా నల్లబడుతుంది. విశాఖ ఉక్కపోతకు కుళ్లడం, మొలకెత్తడం తొందరగా జరుగుతాయి కాబట్టి రైతుబజారులో వారానికి సరిపడా మాత్రమే కొని, గాలి తగిలే చీకటి మూల ఉంచండి. పచ్చబడినవి, మొలకలొచ్చి వడలినవి, చేదుగా ఉన్నవి పారేయండి. వాటిలోని సొలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు అవుతాయి.

గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు కాబట్టి అన్నం, దుంప రెండూ ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ పడిపోతుంది. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 180 దాటుతుంటే దుంప భాగం సగం చేయండి. టెల్మిసార్టాన్ రక్తంలో పొటాషియాన్ని పెంచగలదు. మీ క్రియాటినిన్ మామూలుగా ఉంది కాబట్టి ఇప్పుడు భయం లేదు గానీ, ఆరు నెలలకోసారి క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకుంటూ ఉండండి.